విమానం నంబరు చెప్పే డేటాబేస్‌ల్లో ఏది నమ్మొచ్చు? బరంపురం నించి నా రివ్యూ

ఇది విమానాల సిగ్నల్ పట్టే రిసీవర్ రివ్యూ కాదు, రిసీవర్ల మీద రాసినవాళ్లు ఇప్పటికే బోల్డుమంది ఉన్నారు. నేను రాసేది దాని వెనకాల ఉండే డేటా గురించి. స్క్రీన్ మీద చిన్న విమానం బొమ్మ కదుల్తూ పక్కన రిజిస్ట్రేషను, మోడలు, ఏ కంపెనీది అని వస్తుంది చూశారా, అది ఎక్కడ్నించి వస్తుంది, ఎంతవరకు నమ్మొచ్చు, తప్పుంటే మనం ఎలా దిద్దుకోవాలి అన్నది. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఫ్రీగా దొరికేవాటిల్లో రోజువారీ వాడకానికి టార్1090 అనే మ్యాపు ప్రోగ్రామ్ తో వచ్చే డేటాబేసే బెస్ట్, లోతుగా తవ్వడానికి ఓపెన్‌స్కై అనే నెట్‌వర్కు ఫైలు, ఆఖరి చెకింగ్‌కి విమానాల చరిత్ర, ఫోటోలు ఉండే ప్లేన్‌స్పాటర్స్ సైటు. ఈ మూడూ ఉన్నా సరే మీకంటూ సొంత సవరణల ఫైలు ఒకటి పెట్టుకోకపోతే మాత్రం కొన్నాళ్లకి మీ స్క్రీన్ మీద మూతపడిన కంపెనీల పేర్లే తిరుగుతుంటాయి.

కొత్తగా మొదలెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు. మన మేడ మీద ఏంటెనా పట్టేది 1090 మెగాహెర్ట్జ్ లో విమానం దానంతటది పంపించే ఏడీఎస్-బీ సిగ్నల్. అందులో ఎత్తు, వేగం, ఎక్కడుంది, ఎనిమిది అక్షరాల దాకా ఉండే కాల్‌సైను (రేడియోలో ఆ విమానాన్ని పిలిచే పేరు), ఇంకా 24 బిట్ల హెక్స్ కోడు (అంకెలు, ఏ నించి ఎఫ్ దాకా అక్షరాలతో ఆరు గుర్తుల నంబరు) ఉంటాయి, అంతే. మన విమానాలకి వీటీ తో మొదలయ్యే రిజిస్ట్రేషను అందులో లేదు, అది ఎయిర్‌బస్సో బోయింగో కూడా అందులో రాదు (చిన్నదా పెద్దదా అన్న కేటగిరీ ఒకటి వస్తుంది గానీ దాన్ని బట్టి మోడలు తెలీదు). మిగతాదంతా ఎవరో ఎక్కడో కూర్చుని ఈ హెక్స్ ఈ విమానానిది అని రాసిపెట్టిన పట్టికలోంచి వస్తుంది. మొత్తం ప్రపంచానికి ఉన్న హెక్స్‌లు 1 కోటి 67 లక్షల చిల్లర, అందులో మన దేశం వాటా 80, 81, 82, 83 తో మొదలయ్యేవి, అంటే 2,62,144. మీ స్క్రీన్ మీద 80 తో మొదలయ్యే హెక్స్ వచ్చి పక్కన పేరు లేకపోతే అది ఇండియా విమానమని మాత్రం గ్యారంటీ, ఏ విమానమన్నదే మీ పని.

మన ఆంధ్రా ఒడిశా బోర్డర్ వాళ్లకి ఇది బండి లెక్కలో చెప్తే చటుక్కున అర్థమవుతుంది. శ్రీకాకుళంలో కొన్న ఏపీ 30 బండిని బరంపురం తెచ్చి ఇక్కడ ఓడీ 07 వేయించామనుకోండి, ప్లేటు మారింది గానీ ఛాసిస్ నంబరు మారలేదు కదా. విమానానికి కూడా అంతే, రిజిస్ట్రేషన్ అనేది ప్లేటు, తయారీ సీరియల్ నంబరు అనేది ఛాసిస్, హెక్స్ కోడు వచ్చేసి ప్లేటుతోపాటు వచ్చే ఫాస్టాగ్ లాంటిది. దేశం మారితే ప్లేటూ మారుతుంది ఫాస్టాగూ మారుతుంది, ఛాసిస్ ఒక్కటే పుట్టిన దగ్గర్నించి పోయేదాకా అదే. అందుకని సొంతంగా పట్టిక రాసుకునే ప్రతివాళ్లకీ నేను చెప్పేది ఒకటే, సీరియల్ నంబరు కాలమ్ ఖాళీగా వదలొద్దు, ఎప్పుడైనా లెక్క తేడా వస్తే దాన్ని పట్టుకునే వెనక్కి వెళ్లగలం.

ఇప్పుడు డేటా ఎందుకు పాతబడుతుందో చూడండి, ఇది తెలిస్తేనే ఏ సర్వీసు మంచిదో తెలుస్తుంది. మూడు రకాలుగా పాడవుతుంది. మొదటిది, విమానం అదే, హెక్స్ అదే, ఓనరు మారడం. విస్తారా 2024 నవంబర్ 12 న ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, అంతకుముందు అక్టోబర్ 1 న ఏఐఎక్స్ కనెక్ట్, అంటే పాత ఎయిర్ ఏషియా ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. విమానాల రిజిస్ట్రేషన్లు అవే, హెక్స్‌లు అవే, కానీ ఆపరేటర్ గడి మాత్రం రాత్రికి రాత్రి తప్పయిపోయింది. రెండోది దీనికి పూర్తిగా రివర్సు. గో ఫస్ట్ 2023 మే 3 న ఎగరడం ఆపేసింది, 2024 ఏప్రిల్ 26 న ఢిల్లీ హైకోర్టు చెప్పాక మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆ విమానాల రిజిస్ట్రేషన్ తీసేసింది, అద్దెకిచ్చిన కంపెనీలు వాటిని పట్టుకెళ్లిపోయాయి. అక్కడ విమానం బతికే ఉంది గానీ మన దేశం హెక్స్ దానికి లేదు, వేరే దేశం నంబరుతో ఇంకో చోట తిరుగుతుంది, మన ఫైల్లో పాత లైను అలాగే పడి ఉంటే దానికి అర్థం లేదు. మూడోది అద్దె వ్యవహారం. ఇండిగో ఇస్తాంబుల్ రూట్లో టర్కిష్ ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 777 లని పైలట్లతో సహా అద్దెకి తెచ్చి నడిపింది, కాల్‌సైను చూస్తే ఇండిగో, హెక్స్ చూస్తే 4బీ8 నించి 4బీఎఫ్ దాకా ఉండే టర్కీ బ్లాకు. అది డేటాబేస్ తప్పు కాదు, రెండూ నిజమే, ఇది తెలీక ఎవరో ఒకరు మంచి లైనుని చెడగొట్టేస్తారు. ఈ మూడు కేసుల్లో ఏ సర్వీసు ఎలా నిలబడుతుంది అన్నదాన్ని బట్టే నేను మార్కులు వేశాను.

మా ఊరి ఆకాశం గురించి కూడా కొంచెం చెప్పాలి. బరంపురం మీద, తీరం వెంబడీ కోల్‌కతా నించి చెన్నై వెళ్లేవి, భువనేశ్వర్ నించి హైదరాబాద్ బెంగళూరు వెళ్లేవి, బంగాళాఖాతం మీంచి సింగపూర్ కౌలాలంపూర్ వైపు వచ్చేపోయేవి, అన్నీ కనిపిస్తాయి. 35 వేల అడుగుల మీద పోయే విమానం లెక్క ప్రకారం సుమారు 420 కిలోమీటర్ల దాకా అందాలి. కానీ కింద తిరిగే చిన్న విమానాలు మాకు కష్టం. విశాఖ ఇక్కడ్నించి తిన్నగా చూస్తే 240 కిలోమీటర్లు, మధ్యలో 1,501 మీటర్ల మహేంద్రగిరి దాదాపు అదే లైన్లో అడ్డంగా కూర్చుంది, విశాఖలో దిగేవి బాగా పైన ఉండగానే మాయమైపోతాయి. దీనివల్ల డేటాబేస్ అవసరం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే సిగ్నల్ దొరికే ఆ రెండు మూడు నిమిషాల్లో పేరు రాకపోతే మళ్లీ దొరకదు. అన్నట్టు గోపాలపురం వైపు ఉన్నవాళ్లు ఏంటెనా కనెక్టర్లకి టేపు గట్టిగా చుట్టండి, సముద్రం గాలికి ఇట్టే తుప్పు పట్టేస్తాయి. అక్టోబర్ లో తుఫాను కబురు వస్తే మాత్రం టేపులతో పనవదు, దింపేయడమే, ఫైలిన్, తిత్లీ రెండూ అదే నెల్లో వచ్చాయి.

సరే రివ్యూలోకి వస్తాను.

టార్1090 తో మొదలెడతాను, నేను రోజూ చూసేది ఇదే. రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లో రీడ్‌ఎస్‌బీ అనే ప్రోగ్రామ్ సిగ్నల్ డీకోడ్ చేస్తుంది, టార్1090 దాన్ని మ్యాపు మీద చూపిస్తుంది. దీని డేటాబేస్ మొదట మిక్‌ట్రానిక్స్ అనే పట్టిక ఆధారంగా కట్టింది. ఒక్కో విమానానికి ఒక లైను, హెక్స్, రిజిస్ట్రేషన్, టైప్ కోడు, ఫ్లాగులు (మిలిటరీదా లాంటివి చెప్పే గుర్తులు), మోడల్ వివరణ, ఇలా సెమీకోలన్లతో వేరు చేసి ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే అప్‌డేట్ చేయడానికి వేరే తతంగం లేదు, ఇన్‌స్టాల్ చేసినప్పుడు వాడిన కమాండే మళ్లీ కొడితే ప్రోగ్రామూ డేటాబేసూ రెండూ కొత్తవి వచ్చేస్తాయి. కంప్యూటర్ పెద్దగా రానివాళ్లు కూడా నెలకోసారి ఆ ఒక్క లైను కొట్టుకోగలరు. పెద్ద కంపెనీల విమానాలకి పేర్లు దాదాపు ఎప్పుడూ సరిగ్గానే వస్తాయి, ఏ20ఎన్ అంటే ఏ320 నియో, బీ38ఎం అంటే 737 మ్యాక్స్ 8, ఏటీ76 అంటే ఏటీఆర్ 72-600, ఇలా ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) టైప్ కోడులే వాడతారు కాబట్టి పాత ఏ320 కీ నియోకీ తేడా తెలుస్తుంది. ఫోటో కావాలంటే ప్లేన్‌స్పాటర్స్ నించి తెచ్చి పక్కనే చూపించే సెట్టింగు కూడా ఉంది.

దీని బలహీనత ఆ సౌకర్యంలోనే ఉంది. మీరు ఆ ఫైలు తెరిచి మీ సవరణలు అందులోనే రాసేస్తే తర్వాతి అప్‌డేట్ లో అవి కొట్టుకుపోతాయి, కొత్త ఫైలు దాని మీద వచ్చి కూర్చుంటుంది. కాబట్టి సవరణలు వేరే ఫైల్లో రాసుకుని, ప్రతి అప్‌డేట్ తర్వాత పెద్ద ఫైలుకి కలిపే చిన్న స్క్రిప్టు ఒకటి పెట్టుకోవాలి, రీడ్‌ఎస్‌బీ కి ఏ డేటాబేస్ ఫైలు చదవాలో సెట్టింగ్‌లో చెప్పే వీలుంది, అక్కడ మీ కలిపిన ఫైలు దారి ఇస్తే చాలు. ఈ పని చేసుకున్నవాళ్లకి అయిదుకి నాలుగున్నర, చేసుకోనివాళ్లకి నాలుగు.

ఓపెన్‌స్కై వేరే జాతి. ఇది 2012 లో యూరప్ లో పరిశోధన కోసం మొదలైన నెట్‌వర్కు, వీళ్ల విమానాల పట్టిక సీఎస్‌వీ (గడుల మధ్య కామాలు పెట్టిన) ఫైలుగా దింపుకోవచ్చు, పాత నెలల ఫైళ్లు కూడా తేదీ పేరుతో విడివిడిగా దొరుకుతాయి. ఆ తేదీలే దీని బంగారం. ఒక హెక్స్ కి పోయినేడు ఏ పేరుంది ఇప్పుడేం పేరుంది అని రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే గో ఫస్ట్ లాంటి కేసులు అక్కడే తేలిపోతాయి. కాలమ్‌లు కూడా ఎక్కువ, సీరియల్ నంబరు, తయారైన తేదీ, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా అన్నవాటికి గడులున్నాయి. కానీ గడులు ఉన్నంత మాత్రాన అన్నీ నిండి ఉండవు, సభ్యులు రాసేదాన్ని బట్టి పెరిగిన పట్టిక కదా, యూరప్ అమెరికా విమానాలకి నిండుగా ఉన్నట్టు మనవాటికి ఉండదు. పైగా ఫైలు పెద్దది, పాత లాప్‌టాప్ మీద ఎక్సెల్ లో తెరవాలని చూడొద్దు, డేటాబేస్ లోకి ఎక్కించుకుని వెతుక్కోండి. రోజువారీ స్క్రీన్‌కి మూడు మార్కులు, పరిశోధనకి అయిదుకి అయిదు.

హెక్స్‌డీబీ అని ఒకటుంది, బ్రౌజర్‌లో హెక్స్ కొడితే రిజిస్ట్రేషన్, తయారీదారు, టైపు, ఓనరు, ఆపరేటర్ కోడు గబుక్కున చెప్తుంది. ఒక్కటే తెలీని విమానం వచ్చినప్పుడు, సొంత స్క్రిప్టు రాసుకునేవాళ్లకి, చాలా హాయి. కాకపోతే ఆ జవాబులో ఈ లైను ఎప్పుడు దిద్దారన్న తేదీ రాదు, అది లేకుండా నేను దేన్నీ నా ఫైల్లోకి తిన్నగా ఎక్కించను. మూడున్నర.

ఫ్లైట్‌రాడార్24 గురించి అందరికీ తెలిసిందే, మీరు డేటా పంపిస్తే వాళ్ల బిజినెస్ ప్లాను ఫ్రీగా ఇస్తారు, ఫ్లైట్‌అవేర్ కూడా ఫీడర్లకి, అంటే డేటా పంపేవాళ్లకి, ఎంటర్‌ప్రైజ్ ఎకౌంట్ ఇస్తుంది, చూసుకోడానికి రెండూ బాగుంటాయి. కానీ వాళ్ల పట్టిక మన రాస్ప్‌బెరీ పైలోకి దింపుకునేది కాదు, అందుకని ఈ రివ్యూకి సంబంధించి నేను మార్కులు వెయ్యట్లేదు. హాబీవాళ్లు డేటా పంపే ఏడీఎస్‌బీ ఎక్స్‌చేంజ్ ని 2023 జనవరిలో జెట్‌నెట్ అనే కంపెనీ కొన్నాక చాలామంది హాబీవాళ్లు ఎయిర్‌ప్లేన్స్ డాట్ లైవ్, ఏడీఎస్‌బీ డాట్ లోల్ లాంటివాటికి మళ్లారు, ఎవరికి ఫీడ్ చేయాలన్నది మీ ఇష్టం, ఒకేసారి నాలుగైదింటికి పంపించినా రాస్ప్‌బెరీ పై కి ఇబ్బందేం లేదు.

ఇక విండోస్ వాళ్లు. వర్చువల్ రాడార్ సర్వర్ ఇప్పటికీ మంచి సరుకే. ఇది చదివేది బేస్‌స్టేషన్ ఫైలు, 2005 లో కైనెటిక్ వాళ్లు ఎస్‌బీఎస్-1 అనే రిసీవర్ తెచ్చినప్పటి పద్ధతి, ఇన్నేళ్లయినా ఆ ఫార్మాట్ బతికే ఉంది. లోపల ఉన్నది మామూలు ఎస్‌క్యూలైట్ డేటాబేసే, డీబీ బ్రౌజర్ తో తెరిచి చేత్తో దిద్దుకోవచ్చు, లేదా డేటాబేస్ ఎడిటర్ అనే ప్లగిన్ వేసుకుంటే బ్రౌజర్‌లోంచే ఒక్కో విమానం దిద్దొచ్చు. నేర్చుకునే పిల్లలకి నేను ముందు దీన్నే చూపిస్తాను, గడి మార్చగానే స్క్రీన్ మీద పేరు మారడం కళ్లముందు కనపడుతుంది. లోగోలు కూడా ఉంటాయి, 85 పిక్సెళ్ల వెడల్పు 20 ఎత్తు ఉండే చిన్న బొమ్మలు, ఆపరేటర్ ఫ్లాగ్ కోడు బట్టి వస్తాయి. ఇక్కడే విస్తారా కేసు బాగా కనపడుతుంది, కాల్‌సైను ఎయిర్ ఇండియాది వస్తుంటే పక్కన ఊదా రంగు విస్తారా బొమ్మ కూర్చుని ఉంటుంది. దిద్దడానికి ఒక్క క్వెరీ (డేటాబేస్ కి ఇచ్చే ఆదేశం) చాలు, ఆపరేటర్ కోడు వీటీఐ (విస్తారా) ఉన్న లైన్లన్నీ ఏఐసీ (ఎయిర్ ఇండియా) చేసేయడం. అంతేగానీ రిజిస్ట్రేషన్ ఫలానా అక్షరంతో మొదలైంది కదా అని గంపగుత్తగా మార్చకండి, ఇతరులవి కూడా కలిసిపోతాయి. మొదలెట్టేముందు సర్వర్ ఆపండి, ఫైలు కాపీ ఒకటి తీసి పక్కన పెట్టండి, ప్రోగ్రామ్ నడుస్తుండగా దిద్దితే ఫైలు లాక్ అయ్యి సగం మార్పులు పడవు.

ఈ బేస్‌స్టేషన్ ఫైళ్లని డబ్బులు తీసుకుని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. పర్లాకిమిడిలో మా బావ అలా అమ్మే ఒకాయన దగ్గర తీసుకున్నాడు, పేరెందుకు గానీ, ఇండియా స్పెషల్ లేటెస్ట్ అని చెప్పి అంటగట్టాడు. తెరిచి చూస్తే గో ఫస్ట్ అంతా ఇంకా ఎగురుతున్నట్టే ఉంది, టైప్ గడిలో కోడు బదులు ఎయిర్‌బస్ అని రాసి ఉంది, సీరియల్ నంబర్లు అసలు లేవు. ఫోన్ చేసి అడిగితే అప్‌డేట్ కి మళ్లీ డబ్బులన్నాడు. ఫ్రీగా దొరికే పట్టికని మూట కట్టి అమ్మడం ఇది, దయచేసి ఎవరూ కొనకండి. బావకి టార్1090 పెట్టించాక ఇప్పుడు ఆయనే నాకు సవరణలు పంపిస్తున్నాడు.

ప్లేన్‌స్పాటర్స్ సైటు నా దృష్టిలో ఆఖరి మాట. ఒక్కో విమానం పుట్టిన దగ్గర్నించి ఏయే కంపెనీల్లో ఏయే రిజిస్ట్రేషన్లతో తిరిగిందో వరసగా చూపిస్తుంది, సీరియల్ నంబరు పట్టుకుని వెతికితే ప్లేటు ఎన్నిసార్లు మారినా దొరికిపోతుంది. ఫోటో తేదీలు కూడా సాక్ష్యమే. దీనికి తోడు డీజీసీఏ రిజిస్టరు, అందులో రిజిస్ట్రేషను, మోడలు, సీరియల్ నంబరు, ఆపరేటర్ చూసుకోవచ్చు. అమెరికా వాళ్లకి అయితే ఈ కష్టమే లేదు, అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ వాళ్ల రిజిస్టర్ ఫైల్లో హెక్స్ కోడు కూడా ఇచ్చేస్తారు, పైగా ఎన్ తో మొదలయ్యే నంబరు నించి హెక్స్ ని లెక్క కట్టి తీసేయొచ్చు, ఎన్1 అంటే ఏ00001. మనకి అలాంటి లెక్క పనిచేయదు, ఒక్కొక్కటీ పట్టుకుని రాసుకోవాల్సిందే.

పట్టుకోడం ఎలాగంటే, చిన్న విమానాలు, హెలికాప్టర్లు, చార్టర్లు చాలావరకు కాల్‌సైన్ దగ్గర తమ రిజిస్ట్రేషనే పంపిస్తాయి, వీటీ తర్వాత మూడక్షరాలు, మధ్యలో గీత ఉండదు. ఎన్నికలప్పుడు ఒడిశా మీద ఇలాంటివి కుప్పలుగా తిరుగుతాయి, రిసీవర్ లాగ్ దాచిపెట్టుకుంటే హెక్స్, రిజిస్ట్రేషన్ జోడీలు వాటంతటవే దొరుకుతాయి. రెండోది, కొత్తగా ఫ్యాక్టరీ నించి వచ్చినవి. టులూజ్ లో టెస్టు ఎగిరినప్పుడు ఫ్రాన్స్ హెక్స్ ఉంటుంది, చేతికి వచ్చాక మన హెక్స్ వస్తుంది, టెస్టు నంబరుని మన విమానానికి అంటించి రాసుకుంటే ఆ లైను ఎప్పటికీ పలకదు. మూడోది అన్నిటికన్నా గట్టిది, మీరే ప్రయాణం చేస్తుంటే తోక దగ్గర రాసిన రిజిస్ట్రేషన్ కళ్లారా చూసి రాసుకోడం, భువనేశ్వర్ లో గేటు దగ్గర కూర్చుంటే బాగానే కనపడతాయి. విశాఖ మాత్రం నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా, అక్కడ ఫోన్ బయటకి తీసి ఫోటోలు తీయొద్దు, హాబీ కోసం ఇబ్బందుల్లో పడొద్దు.

మిలిటరీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. టార్1090 డేటాబేస్ లో మిలిటరీ వాటికి వేరే ఫ్లాగు ఉంటుంది. తీరం వెంబడి నేవీ, కోస్ట్ గార్డు విమానాలు ఒక్కోసారి కనపడతాయి. నేను వాటి హెక్స్‌లు సేకరించను, దిద్దను, ఎవరికీ పంపను, మా పిల్లలకి కూడా అదే చెప్పాను. మనకి ప్రయాణికుల విమానాలే జీవితాంతం సరిపోతాయి.

సొంత ఫైలు ఎలా ఉండాలో నా పద్ధతి చెప్తాను. హెక్స్, రిజిస్ట్రేషన్, టైప్ కోడు, సీరియల్ నంబరు, ఆపరేటర్, వీటితోపాటు రెండు గడులు తప్పనిసరి, ఎప్పుడు దిద్దాను, ఏది చూసి దిద్దాను. ఒక్క చోట చూసి దిద్దను, ఒకదాన్నొకటి కాపీ కొట్టని రెండు చోట్ల కలిస్తేనే. ఇది ముఖ్యం, ఎందుకంటే చాలా సైట్లు ఒకే పట్టికని తీసుకుని వాడతాయి, నాలుగు చోట్ల ఒకే జవాబు కనపడితే నలుగురు సాక్షులు దొరికారనుకుంటాం గానీ అది ఒక్కరి మాటే నాలుగుసార్లు వినడం. అందుకే ఫోటో, రిజిస్టరు, నా రిసీవర్ లాగ్, వీటిల్లో రెండు కలవాలి. అలా తేలినవాటిని దాచుకోకుండా సవరణలు తీసుకునే సైట్లకి తిరిగి పంపించండి, మన తూర్పు తీరం నించి పంపేవాళ్లు తక్కువ, అందుకే ఇక్కడి చిన్న విమానాలకి పేర్లుండవు.

జయపురం నించి 2022 అక్టోబర్ లో చిన్న సెస్నా కేరవాన్లు మొదలయ్యాయి, టైప్ కోడు సీ208. అవి కింద ఎగురుతాయి, కొండల అవతల, మా ఏంటెనాకి అందవు. రాయగడ, కోరాపుట్, జయపురం వైపు ఎవరికైనా రిసీవర్ ఉంటే, లేదా పెట్టే ఆలోచన ఉంటే, ఆ లాగ్‌లు చెరిపేయకుండా ఉంచండి. హెక్స్, కాల్‌సైను, టైము, ఈ మూడూ ఉంటే చాలు, మిగతాది కూర్చుని నేను చూస్తాను.